ఉప్పుటేటి గట్టున మడ మొక్క బతకాలంటే: విశాఖ తీరానికి అంచెలవారీ మార్గదర్శి

మడ (మాంగ్రూవ్) మొక్కలు ఎక్కడ దొరుకుతాయి, ఎకరాకు ఎన్ని పడతాయి అనే రెండు ప్రశ్నలే ఎక్కువమంది నుంచి వస్తాయి. వీటికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఆ చోటికి పోటు నీరు నెలలో ఎన్నిసార్లు వచ్చి, ఎంతసేపట్లో వెనక్కి పోతోంది? నీటి దారి సరిగా ఉంటే మడ చాలా చోట్ల తనంతట తానే మొలుస్తుంది. అది సరిగా లేకపోతే పదివేల మొక్కలు నాటినా ఆరు నెలల్లో పుల్లలే మిగులుతాయి. అందుకే ఇక్కడ నాటడం ఎనిమిదో అంచెలో వస్తుంది.

ఇది భీమిలి దగ్గర గోస్తని మొగ (నది సముద్రంలో కలిసే చోటు), మేఘాద్రిగెడ్డ ఉప్పుటేరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన శారదా వరాహ నదుల మొగ లాంటి చోట్లకు వర్తిస్తుంది. ఆర్కే బీచ్, రుషికొండ లాంటి అలలు విరిగే ఇసుక తీరానికి వర్తించదు. అక్కడ మడ నిలవదు, నాటకండి.

1. అసలు నాటాలా అన్నది ముందు తేల్చండి

పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, చోటంతా నడిచి చూడండి. బురదలో రెండు నుంచి నాలుగు ఆకులున్న మడ పిల్లలు కనిపిస్తున్నాయా? పోయిన ఏడాది పిల్లలు కూడా పక్కనే ఉన్నాయా? రెండూ ఉంటే నాటే పని లేదు. పశువులను ఆపి, చెత్త తీసి, ఒక ఏడాది వదిలేయండి.

కొత్త పిల్లలున్నా పాతవి కనిపించకపోతే విత్తనం వస్తోంది, మొక్క మాత్రం నిలవడం లేదని అర్థం. మేకలు మేస్తుండవచ్చు, వేసవిలో ఉప్పు పెరిగిపోతుండవచ్చు, పాలిథిన్ కవర్లు కప్పేస్తుండవచ్చు. ముందు ఆ కారణం తీయాలి.

విత్తనమూ రాక, తల్లిచెట్టూ దగ్గర్లో లేకపోతేనే నాటడం గురించి ఆలోచించండి.

ఈ మూడు చోట్ల నాటవద్దు:
- పాటు వేళ ఉల్లంకి పిట్టలు, కొంగలు మేసే ఖాళీ బురద మైదానం. అది బీడు కాదు, వాటి మేత నేల.
- చిన్న పోటుకు కూడా పూర్తిగా మునిగి, రోజులో ఎక్కువసేపు నీటి కిందే ఉండే పల్లం.
- మత్స్యకారులు తెప్పలు లాగే, వలలు దించే దారి.

2. నేల ఎవరిది, అనుమతి ఎవరిది

విశాఖలో ఉప్పుటేటి గట్లు చాలావరకు ఓడరేవు, నౌకాదళం, రెవెన్యూ, అటవీ శాఖల చేతుల్లో ఉంటాయి. సర్వే నంబరు పట్టుకుని తహసీల్దారు కార్యాలయంలో యజమాని ఎవరో తేల్చుకోండి, ఆ తర్వాత రాతపూర్వక అనుమతి తీసుకోండి. నౌకాదళ ప్రాంతం చుట్టుపక్కల అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి. పై నుంచి తీసిన ఫొటోలు కావాలంటే ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాలు చాలు.

తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) 2019 నోటిఫికేషన్ ప్రకారం మడ అడవి అత్యంత సున్నితమైన సీఆర్‌జెడ్-1ఎ కిందికి వస్తుంది. ప్రభుత్వ భూమిలో 1,000 చదరపు మీటర్లకు మించిన మడ ఉంటే దాని చుట్టూ 50 మీటర్ల బఫర్ కూడా ఆ కిందికే వస్తుంది. అక్కడ మీరు తవ్వే చిన్న కాలువకైనా అనుమతి కావాలి, మంచి పనే కదా అని మొదలుపెట్టకండి. కోరింగ లాంటి అభయారణ్యాల నుంచి కాయ తెచ్చుకోవాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

అనుమతి కాగితం వచ్చాక మొదట వెళ్లాల్సింది పల్లె పెద్దల దగ్గరికి. మండపీత ఏ మలుపులో దొరుకుతుందో, మొగ ఏ నెలలో మూసుకుపోతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపూ చెప్పదు. పైగా కాపలా కాసేదీ వాళ్లే.

3. నీటి మట్టం కొలవడం

ఈ అంచెకు కనీసం రెండు పక్షాలు కేటాయించండి. కుదిరితే ఏడాది.

విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి పోటూ ముందురోజు కంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోటు ఉంటుంది. అష్టమి, నవమి దాటాక పోటు చిన్నది. క్యాలెండర్‌లో తిథి చూస్తే పని రోజు తెలిసిపోతుంది, గంట కోసం మాత్రం విశాఖ రేవు టైడ్ టేబుల్ చూడండి. ఏటి లోపలికి వెళ్లే కొద్దీ రేవు టైమ్ కంటే పోటు ఆలస్యంగా అందుతుంది. ఆ తేడాను ఒకరోజు గట్టున కూర్చుని రాసుకోవాలి.

కావలసినవి:
- 2 మీటర్ల వెదురు కర్రలు ఆరు, ప్రతి 5 సెంటీమీటర్లకు పెయింట్ గీత వేసి
- మేస్త్రీలు వాడే పారదర్శక లెవెల్ ట్యూబ్, 20 మీటర్లు
- ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్
- నోట్‌బుక్, పెన్సిల్ (తడిసిన కాగితం మీద పెన్ను రాయదు)

ఏటి అంచు నుంచి మెరక దాకా ఒకే వరసలో కర్రలు పాతండి. దగ్గర్లో ఆరోగ్యంగా ఉన్న మడ గుంపు ఎక్కడుందో చూసి, ఒక కర్ర దాని మొదట్లో పాతండి. అదే మీ కొలబద్ద. లెవెల్ ట్యూబ్ ఒక కొస ఆ కర్ర దగ్గర, రెండో కొస మీ చోటులో పట్టుకుంటే నేల ఎంత ఎత్తో, ఎంత పల్లమో తేలిపోతుంది. ట్యూబులో బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది. నీరు నింపాక రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, నీళ్లు ఒకే గీతకు వచ్చాయో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టండి. మీ నేల ఆ మడ గుంపు మొదలు కంటే 15 సెంటీమీటర్లు పల్లంలో ఉందంటే అక్కడ నాటిన మొక్కకు ఊపిరాడదు. అంతే మెరకైతే వేసవిలో ఎండుతుంది.

ప్రతి పోటుకూ ఏ కర్ర ఏ గీత దాకా తడిసిందో రాయండి. బురద మరక గీత సాక్ష్యం చెబుతుంది కాబట్టి రాత్రి పోటుకు మేలుకోనక్కర్లేదు. చాలా మడ జాతులకు నెలలో 20 నుంచి 45 సార్లు మునిగే నేల అనుకూలం. నెలలో రెండు మూడుసార్లు మాత్రమే తడిసే నేలలో తిల్ల లాంటి మెరక జాతులే నిలుస్తాయి.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. మన తీరంలో సగటు సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో అత్యధికం, ఫిబ్రవరి, మార్చిల్లో అత్యల్పం. దాదాపు ఒక అడుగు తేడా వస్తుంది. అక్టోబరులో కొలిచి "రోజూ తడుస్తోంది" అనుకున్న నేల మార్చికి చవుడు తేలి పగుళ్లిస్తుంది. ఏడాదంతా కొలవడం కుదరకపోతే కనీసం ఈ రెండు కాలాల్లోనూ కొలవండి.

ఉప్పును కూడా వేసవిలోనే కొలవాలి. పైన పారే నీటిది కాదు. నేలలో ఒక అడుగు గుంట తీసి, ఊరిన నీటిని పరీక్షించండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఊటనీటిలో అది 60 దాటితే తెల్లమడ కూడా గిడసబారుతుంది, మిగతావి చస్తాయి.

4. మూసుకుపోయిన దారి తెరవడం

మడ నరికిన నేల ఎండకు ఆరి కుంగుతుంది, మధ్యలో పళ్లెంలా పల్లం పడుతుంది. పెద్ద పోటుకు అందులో చేరిన నీరు బయటికి పోలేక ఎండి, ఉప్పు పేరుకుంటుంది. మొక్కను చంపేది ఆ ఉప్పే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇలాంటి నేలలను చేప ముల్లు కాలువలతో మళ్లీ మడకు తెచ్చారు.

ఏటి నుంచి ఒక ప్రధాన కాలువ, దానికి రెండు వైపులా 45 డిగ్రీల ఏటవాలుగా పిల్ల కాలువలు తీస్తారు. కాలువ అడుగు ఏటి వైపు వాలి ఉండాలి, పాటు వేళ పూర్తిగా ఖాళీ అవ్వాలి. గోడలు నిటారుగా తీస్తే మొదటి వానకే విరిగి పడతాయి, అందుకే పైన వెడల్పు, కింద సన్నం. మొక్కలను కాలువ అడుగునా కాదు, పై గట్టునా కాదు, వాలు గోడకు నడుమ నాటాలి.

తవ్విన మట్టిని గట్టులా వరసగా పోస్తే అదే కొత్త అడ్డుకట్ట అవుతుంది. అక్కడక్కడా చిన్న కుప్పలుగా పోసి మధ్య దారులు వదలండి. అవసరానికి మించి లోతు తవ్వకండి. మడ బురద అడుగున గంధకపు ఖనిజం ఉంటుంది, అది గాలికి తేలితే ఆమ్లంగా మారుతుంది.

పాడుబడ్డ రొయ్యల చెరువైతే గట్టంతా తొలగించనక్కర్లేదు. పాత పాయలు ఎక్కడ పారేవో పాత ఉపగ్రహ చిత్రాల్లో చూసి, సరిగ్గా అక్కడే గండి కొట్టండి. ఒకే గండి అయితే నీరు జోరుగా దూకి కోత పెడుతుంది. రెండు మూడు ఉండాలి.

ఇసుక మేటతో నది మొగ మూసుకుపోయే చోట మీ కాలువలు మాత్రమే చాలవు. మొగ ఎన్ని నెలలు మూసి ఉంటుందో తేలేదాకా నాటడం వాయిదా వేయండి.

5. ఏ చెట్టు ఎక్కడ

- ఏటి అంచు మెత్తటి బురద, రోజూ మునిగే చోటు: ఉప్పు పొన్న, నల్లమడ, గుగ్గిలం
- నడుమ నేల: తెల్లమడ, గతారు
- పెద్ద పోటుకే తడిసే మెరక: తిల్ల, కడివి. ఉప్పు బాగా ఎక్కువైతే ఇక్కడ కూడా తెల్లమడే

ఉప్పు పొన్న కాయ పొడుగ్గా ఉండి సులువుగా గుచ్చవచ్చు కాబట్టి అందరూ దాన్నే ఎంచుకుంటారు. ఫొటోకి కూడా బాగుంటుంది. కానీ ఉప్పు ఎక్కువున్న నడుమ నేలలో అది నిలవదు. చుట్టూ సహజంగా ఏ చెట్టుందో అదే మీ మొదటి జాతి కావాలి. విశాఖ దగ్గర అది చాలాచోట్ల తెల్లమడ.

నేల మీద పాకిన ఇలకూరను కలుపనుకుని పీకకండి. కొట్టుకొచ్చిన మడ విత్తనాన్ని పట్టి ఆపేది అదే. ముళ్ల ఆకుల ఆల్చి మాత్రం దట్టంగా అల్లుకుంటే కింద పిల్లలను లేవనివ్వదు. మొక్కకు మీటరు మేర కోసేస్తే చాలు.

6. కాయ ఏరడం

మడ జాతుల కాయలు ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబరు మధ్య చేతికి వస్తాయి. తేదీ కంటే గుర్తులు నమ్మండి.

తెల్లమడ, నల్లమడ కాయ ఆకుపచ్చ నుంచి పసుపు చాయకు తిరిగి, కొమ్మ ఊపితే రాలాలి. లాగితే గానీ ఊడనిది పచ్చిది. ఉప్పు పొన్నకైతే కాయకూ కింది పొడుగాటి కాడకూ మధ్య పసుపు పట్టీ తేలాలి. చిన్న రంధ్రం ఉన్నదాన్ని పక్కన పడేయండి, లోపల పురుగుంటుంది. నేల మీద రాలిన వాటిలో ఇవే ఎక్కువ, అందుకే చెట్టు కింద వల పరిచి ఏరడం మేలు.

తెల్లమడ, నల్లమడ కాయ వారం దాటితే మొలక శక్తి తగ్గుతుంది. ఉప్పు పొన్న తడి గోనెలో నీడన కొన్ని వారాలు ఆగుతుంది. ఒక చెట్టు నుంచే మొత్తం కోయకండి, కనీసం ఇరవై చెట్ల నుంచి కొన్ని కొన్ని తీయండి.

తిల్ల దగ్గర జాగ్రత్త. కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

7. నర్సరీ

పెద్ద పోటుకు తడిసి, చిన్న పోటుకు తడవని గట్టున నర్సరీ పెట్టండి. 10 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు మడి తీస్తే 5×8 అంగుళాల సంచులు సుమారు 1,400 పడతాయి. ఉప్పు పొన్నకు 6×10 సంచి కావాలి.

మూడు పాళ్లు ఏటి బురద, ఒక పాలు ఇసుక. ఎరువు అక్కర్లేదు. సంచి అడుగున, పక్కల రంధ్రాలు ఉండాలి.

తెల్లమడ, నల్లమడ కాయను ఒక రాత్రి నీటిలో నానబెడితే పై తొక్క ఊడి, మందపాటి పప్పులు విచ్చుకుంటాయి. నూగున్న వేరు కొస కిందికి ఉండేలా, ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే గుచ్చండి. పప్పులు మట్టిలో పూడితే కుళ్లుతాయి. ఉప్పు పొన్న కాడను మూడో వంతు లోపలికి దించితే చాలు. సన్నగా మొగ్గ ఉన్న కొస పైకి ఉండాలి. తలకిందులుగా గుచ్చిన సంచులు ప్రతి నర్సరీలోనూ కనిపిస్తాయి.

మొదటి రెండు నెలలు సగం నీడ వల వేయండి. మంచినీటితో మొదలుపెట్టి, వారానికి లీటరుకు 5 గ్రాముల చొప్పున ఉప్పు పెంచుతూ నాటబోయే చోటు స్థాయికి తీసుకురండి. చివరి నెల నీడ తీసేయాలి. వేర్లు సంచి దాటి నేలలోకి దిగకుండా రెండు వారాలకోసారి సంచులను కదపండి.

తెల్లమడ, నల్లమడ అడుగు, అడుగున్నర ఎత్తు, ఉప్పు పొన్న నాలుగు నుంచి ఆరు ఆకులు వచ్చాక నాటడానికి సిద్ధం. మొత్తం మొక్కల్లో మూడో వంతు నర్సరీలోనే నిల్వ ఉంచండి. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న. మన దగ్గర తుఫాన్ల నెలలూ నాటే నెలలూ కలిసే వస్తాయి.

8. నాటడం

వానలకు ఉప్పు తగ్గి ఉన్న అక్టోబరు నుంచి జనవరి మధ్య నాటండి. వాయుగుండం హెచ్చరిక ఉంటే ఆగండి. జూలై 26 ప్రపంచ మడ అడవుల దినానికి నాటాలని చాలామంది పట్టుబడతారు. అప్పటికి ఆ ఏటి కాయ చేతికి రాదు. ఆ రోజు కార్యక్రమం కావాలంటే చెత్త ఏరండి, మడకు అదే ఎక్కువ మేలు.

ఏటి అంచులో చిన్న పోటు రోజులు మొదలయ్యేటప్పుడు నాటితే, వేరు పట్టడానికి వారం దొరుకుతుంది. మెరకలో పెద్ద పోటుకు ముందు నాటాలి, వెంటనే తడి అందుతుంది.

క్రమం:
- చోటంతా చెత్త, వల ముక్కలు తీయండి
- మూడో అంచెలో రాసుకున్న నీటి మట్టం గీతల ప్రకారం జాతి వారీగా కర్రలు పాతండి
- 1.5 నుంచి 2 మీటర్ల ఎడంగా గుంట తీయండి. 2×2 అయితే హెక్టారుకు 2,500 మొక్కలు
- సంచిని పక్కన చీల్చి మొక్కను మట్టిముద్దతో సహా దించండి
- మెడ (వేరూ కాండమూ కలిసే చోటు) నేల మట్టానికి సరిగ్గా ఉండాలి, పిడికిలితో చుట్టూ అదమండి
- చీల్చిన సంచులు లెక్కపెట్టి వెనక్కి తేండి

ఒక మనిషి పాటు వేళ మూడు గంటల్లో బురదలో నూరు మొక్కలకు మించి సరిగా నాటలేడు. వెయ్యి మొక్కలు, ఇరవై మంది పిల్లలు, ఒక గంట అనే ప్రణాళిక వద్దు. నిలబడి ఉన్న మడ చుట్టూ నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు ఉంటాయి. వాటిని తొక్కితే చెట్టే దెబ్బతింటుంది, పలకలు పరిచి నడవండి.

9. మొదటి ఏడాది: ఏం కనిపిస్తే ఏం చేయాలి

మొదటి నెల వారానికోసారి, తర్వాత పక్షానికోసారి చూడండి.

ఆకు అంచులు మాడి రాలుతున్నాయి: ఉప్పు ఎక్కువైంది. ఊటనీరు కొలవండి, పిల్ల కాలువ పూడిందేమో చూడండి.

ఆకు పసుపు, మొక్క ఎదగదు, నేల కుళ్లిన గుడ్డు వాసన: నీరు నిలిచిపోతోంది. పాటుకు నీరు పోయే దారి తీయండి, ఎరువు వేయకండి.

కాండం నేలకు రెండంగుళాల పైన కత్తిరించినట్టు తెగింది: పీతల పని. ఉప్పు పొన్న కాడలను నాటే ముందు వారం రోజులు నీడన వాడబెడితే పీతలు అంతగా ముట్టవు. లేదా ఇంకా ముదురు మొక్కలు నాటండి.

కాండానికి తెల్లటి గవ్వ పొక్కులు: పోటు నీటిలో మొక్క ఎక్కువసేపు మునుగుతోంది. కొన్నిటిని గోకి తీయవచ్చు. మూడొంతులు పట్టేస్తే చోటే తప్పు, మెరకకు జరగండి.

పచ్చటి నాచు తలను వంచేస్తోంది: చేత్తో తీయండి, కర్రతో లాగితే మొక్క వస్తుంది.

చిగురు తినేసి ఉంది: గేదెలు, మేకలు. వెదురు కంచె వేయండి, ఏటి వైపు తెరిచి ఉంచండి. కంచెకు నైలాన్ వల కట్టకండి, పోటు మోసుకొచ్చిన చెత్త దానికే చిక్కుకుని మొక్కల మీద పడుతుంది.

వరసలో కొన్ని మాత్రమే చచ్చాయంటే మళ్లీ నాటవచ్చు. ఒక పక్క మొత్తం చచ్చిందంటే కారణం నీటి మట్టంలో ఉంది. తిరిగి మూడో అంచెకు వెళ్లండి, నిల్వ మొక్కలు అక్కడ పోయకండి.

10. లెక్క ఎలా రాయాలి

నాటిన సంఖ్య చెప్పడం తేలిక. చూడాల్సింది మూడో ఏట బతికున్నవాటిని, వాటంతట అవి మొలిచినవాటిని.

5×5 మీటర్ల గళ్లు ఆరు, మట్టం వారీగా రెండేసి, మూలల్లో కర్రలు పాతి గుర్తు పెట్టండి. 3 నెలలు, 6 నెలలు, ఏడాది, రెండేళ్లు, మూడేళ్లకు అదే గళ్లలో రాయండి:
- నాటినవాటిలో బతికినవి, జాతి వారీగా
- సొంతంగా మొలిచినవి
- సగటు ఎత్తు
- ఊటనీటి ఉప్పు, ఏప్రిల్లో తప్పకుండా
- పీత బొరియలు చదరపు మీటరుకు ఎన్ని (ఇవి పెరిగితే నేల కోలుకుంటోందని గుర్తు)
- అదే కర్ర దగ్గర నుంచి, అదే దిక్కుకు ఒక ఫొటో

సొంతంగా మొలిచినవి నాటినవాటిని దాటిన గడిలో కొత్త మొక్కలు వేయడం ఆపేయండి. మిగిలిన డబ్బును పూడిక తీతకు, వేసవి కాపలాకు ఉంచుకోండి. పిల్ల కాలువలు ఏటా వానల తర్వాత ఒకసారి శుభ్రం చేయకపోతే రెండు మూడేళ్లలో పూడిపోతాయి.

మధ్యలో ఎవరైనా మట్టి, భవన శిథిలాలు పోస్తే ఫొటో, తేదీ, సర్వే నంబరుతో నేల యజమాని శాఖకూ కలెక్టరు కార్యాలయానికీ అదే రోజు రాయండి. నాలుగు ట్రాక్టర్ల మట్టి పిల్ల కాలువ మూతి మూస్తే పక్షం తిరక్కముందే పైనున్న మొక్కలు వాడిపోతాయి.